మోటారు రేకు మీద మరి రెండు పంక్తులు

బహిరంగ లేఖ

భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖామాత్యవర్యుల సముఖమునకు, తుని పట్టణము నుండి విశ్రాంత భౌతికశాస్త్రోపాధ్యాయుడొకడు సవినయముగా చేసికొను మనవి.

అమాత్యవర్యా,

ఇంటింట నీరు తోడు చిన్న విద్యుత్ మోటార్ల మీద తయారీదారులు అంటించి పంపెడి రేకున, ఇప్పుడున్న అశ్వశక్తి, ఓల్టులు, నీటిని ఎక్కించు ఎత్తు, నిమిషమునకు ఇన్ని లీటర్లు అను లెక్కల క్రింద మరి రెండు పంక్తులు, అనగా లోపలి వాటర్ సీలు కొలతయు బేరింగు సంఖ్యయు, విధిగా అచ్చువేయించవలెననియు, ఆ సీలును ఎవరడిగినను విడిగా అమ్మవలెననియు తమరు ఉత్తరువు చేయించవలసినదిగా కోరుటయే ఈ లేఖకు గల ఏకైక ప్రయోజనము. కోరిక చిన్నది. ఇంత చిన్న కోరికకు ఇంత పొడవైన లేఖ ఏల యని తమ కార్యదర్శులు విసుగుకొనవచ్చును. కాని చిన్న సంగతులు పెద్ద దస్త్రములలో తప్పిపోవు విధము ఎరిగినవాడను గనుక, మూలము నుండి చెప్పుకొనుటకు అనుజ్ఞ వేడుచున్నాను.

గోదావరి సీమ యనగానే పైవారికి కాలువలు, లాకులు, వరిచేలు స్ఫురించును. కాటన్ దొర ధవళేశ్వరమున 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిన ఆనకట్ట మూలమున డెల్టాకు అబ్బిన ఆ సౌభాగ్యము మా తుని దాకా రాలేదు. 2022 ఏప్రిల్ 4వ తేదీ వరకు తూర్పు గోదావరి జిల్లాకును, నాటి నుండి కాకినాడ జిల్లాకును కొసనున్న ఈ యూరు తాండవనది ఒడ్డున ఉన్నది. వంతెన దాటితిమా, పాయకరావుపేట వచ్చును, జిల్లా మారును. తాండవ కొండల నుండి దిగివచ్చు వాననీటి యేరు, డెల్టా కాలువవలె పంతము పట్టి పారునది కాదు. కాబట్టి ఇక్కడి మామిడితోటలైనను, తమలపాకు తోటలైనను, ఇండ్లైనను నూతులను బోర్లను నమ్ముకొని బ్రతికినవే. కుళాయి నీరు వచ్చు వీధులలో సైతము ఆ నీటిని సంపులో పట్టి మేడమీది ట్యాంకుకు ఎక్కించుటకు ఇంటికొక అర హెచ్.పి. మోటారు తప్పని వస్తువైనది. ఒకనాడు ఏతము దూలము విరిగినను, నూతిగిలక ఇరుసు అరిగినను ఊరి వడ్రంగియో కమ్మరియో పూట తిరుగకుండ సరిచేసి పోవుచుండిరి. ఏ కొలత ఇరుసు అని వారు ఎవరికిని ఉత్తరము వ్రాయవలసిన యగత్యము లేకుండెను.

ఈ మోటారు కారుట ఎట్లు మొదలగునో చెప్పెదను. ఒకే ఇనుప ఇరుసు మీద ఒక కొనను గాలిపంకా, నడుమ తీగచుట్ల మధ్య తిరుగు రోటరు, రెండవ కొనను నీటిగదిలో ఇత్తడి ఇంపెల్లరు ఉండును. పొడిగా ఉండవలసిన గదికిని, నీరు నిండి యుండవలసిన గదికిని నడుమనున్న గోడలో ఇరుసు దూరుటకు రంధ్రము ఉండక తప్పదు. నిమిషమునకు ఇంచుమించు 2,880 చుట్లు తిరుగుచుండు ఆ ఇరుసు వెంట నీరు చొరకుండ కాయుటకు రెండు బిళ్ళలు మాత్రమే కలవు. ఒకటి రబ్బరు గిన్నెలో పొదిగి గోడలో కదలకుండ కూర్చిన తెల్లని పింగాణి బిళ్ళ. రెండవది సన్నని స్ప్రింగు వెనుక నుండి నెట్టుచుండగా ఇరుసుతో పాటు తిరుగుచు ఆ పింగాణి ముఖమును ఒరయుచుండు నల్లని కార్బన్ బిళ్ళ. ఈ రెండు ముఖములును కంటికందని నునుపుతో చదును చేయబడి, వాని నడుమ మైక్రాను ప్రమాణపు నీటిపొర నిలుచుటచే, ఆ నీరే కందెనయై, ఆ నీరే వేడిని తీయునదై, ఏండ్ల తరబడి ఒరసికొనియు అరగకుండును. ఆ పొర తప్పిననాడు కథ మారును. వేసవిలో నీటిమట్టము దిగి, ఫుట్‌వాల్వు గాలి పీల్చి, మోటారు వట్టిగా కొంతసేపు తిరిగినదా, బిళ్ళలు కాగి పింగాణికి వెంట్రుకవాసి బీట పడును. లేదా బోరు నుండి వచ్చిన ఇసుకరేణువొకటి నడుమ చిక్కుకొని కార్బన్ ముఖమును గీరును. మా ఇంటి మోటారు నుండి ఊడదీసిన సీలును వెలుతురున త్రిప్పి చూచితిని: పింగాణి చెక్కు చెదరలేదు, కార్బన్ ముఖమున మాత్రము చుట్టును ఒక గీత, చూపునకు దాదాపు లేనట్లేయుండి గోరు పెట్టి రాయగా తగులునది. ఆ గీత వెంబడియే నీరు బయటకు దారి చేసికొన్నది.

బొట్టు మొదట సెకనుకొకటి చొప్పున పడును. ఇరువది బొట్లు ఒక మిల్లీలీటరని లెక్కించినచో రోజునకు నాలుగు లీటర్ల పైచిలుకు. నీటి నష్టము వరకే యైనచో ఓర్చుకొనవచ్చును. అసలు నష్టము వేరొక చోట ఉన్నది. ఎరిగిన తయారీదారు సీలుకును మోటారుకును నడుమ క్రిందివైపున చిన్న సందు విడిచియుండును. కారిన నీరు లోనికి పోక నేలపాలగుటకే ఆ సందు. ఇంటివారు బొట్టు చూచి కలతపడి, ఆ సందును ఎం-సీల్ ముద్దతో మూసివేసి, కారుట ఆగినదని సంతసింతురు. ఆగినది కారుట కాదు, కనబడుట. నీరు ఇరుసు వెంబడి బేరింగులోనికి చేరి, అందలి గ్రీజును కడిగి, గుండ్లకు తుప్పు పట్టించి, కొన్నాళ్ళు గరగర మ్రోతగా వినబడి, తుదకు తీగచుట్లను తడిపి కాల్చివేయును. మార్కెటు వీధిలోని మెకానిక్కు ఈ సంగతిని నాకంటె క్లుప్తముగా చెప్పినాడు: "మాస్టారూ, పోయింది సీలేనండి. మోటారు శుభ్రంగా ఉందండి. ఇప్పుడు మార్చేశారా, ఏళ్ళ తరబడి తిరుగుద్ది. వదిలేశారో, వైండింగుకి వెళ్ళిపోద్దండి." ఒకపూట భోజనపు ఖర్చుతో తీరవలసిన రుగ్మత కొత్త మోటారు కొనుటతో గాని తీరనిదగుట ఇట్లు.

ఈ పని ఇంటివద్ద చేసికొనదగినదా యందురేమో. ఓపిక గలవారెవరైనను చేసికొనవచ్చును, మా వీధిలో చేసికొన్నవారును కలరు. స్విచ్చి కట్టినంతనే చాలదు, మెయిను దించవలెను. కెపాసిటరు తీగల జోలికి వేళ్ళు పోనీయరాదు, అది విద్యుత్తు పోయిన పిమ్మటను కొంతసేపు కాటువేయగలదు. మీది గేటువాల్వు కట్టి, అడుగు బిరడా విప్పి నీరు వదలి, యూనియను త్రిప్పి పైపును వేరుచేసి, నీటిగది బోల్టులను ఒక్కసారిగా కాక ఎదురెదురుగా కొంచెము కొంచెము సడలింపవలెను. ఇక్కడి వరకు పానా పట్టుట వచ్చిన పిల్లవాడును చేయును. పిమ్మట ఇంపెల్లరు. చిన్న మోటార్లలో అది చుట్టును పళ్ళవంటి రెక్కలు గల ఇత్తడి చక్రము. గోడకును దానికిని నడుమ ఎడము అత్యల్పము. తుప్పు పట్టి బిగిసినదని సుత్తితో కొట్టినచో రెక్క వంగి, సీలు కొత్తదైనను నీరు పైకెక్కదు. రెండు వైపుల సమముగా పుల్లరుతో లాగి తీయవలెను. సీలు ఊడదీసి, ఇరుసును సన్నని ఎమరీ కాగితముతో తుడిచి, కొత్త సీలు రబ్బరుకు సబ్బునీరు రాచి జార్చవలెను గాని గ్రీజు పూయరాదు. ముఖములను వ్రేలితో ముట్టరాదు, మా మెకానిక్కు ఆ బిళ్ళలను చంటిపిల్లను ఎత్తుకొన్నట్లు అంచులు పట్టి ఎత్తును. అన్నియు బిగించిన పిమ్మట కరెంటుకు ముందు పంకా కొనను చేతితో త్రిప్పి చూడవలెను, నీరు నిండుగా పోసి గాలి పోగొట్టవలెను, అటుపిమ్మటనే స్విచ్చి. ఈ కడపటి జాగ్రత్త తప్పి కొంచెము నీరు పోయుటకు బద్ధకించి కొత్త సీలును తొలి నిమిషమునందే కాల్చినవారు తక్కువమంది కారు.

పని వచ్చును, ఓపిక కలదు, పనిముట్లు కలవు. లేనిది సీలు. దుకాణమునకు పోయి అడిగినచో మొదటి ప్రశ్న: "ఇరుసు ఎంతండి? అరంగుళమా, పన్నెండు మిల్లీమీటర్లా, పద్నాలుగా?" అర అంగుళమునకును పన్నెండు మిల్లీమీటర్లకును నడుమ భేదము మిల్లీమీటరులో ఏడు పదవ వంతులే, చిన్నది పెద్ద ఇరుసుపైకి ఎక్కదు, పెద్దది చిన్న ఇరుసు మీద వదులై మొదటిరోజుననే కారును. ఆ కొలత తెలియవలెనన్నచో మోటారు విప్పవలెను. విప్పిన క్షణము నుండి ఇంట నీరుండదు. స్త్రీలు బిందెలతో పొరుగింటికి నడువగా, గృహస్థు పాత సీలును కాగితమున చుట్టుకొని దుకాణము వెంట దుకాణము తిరుగును. తునిలో దొరకనిచో అన్నవరము దాటి కాకినాడకో, అటు అనకాపల్లికో బస్సు ఎక్కును. అమాత్యవర్యా, ఈ బస్సు ప్రయాణమునకు అక్షరాల ఒకే కారణము, పది అక్షరముల పంక్తి యొకటి రేకు మీద లేకపోవుట.

అధీకృత విక్రేత యొకరిని ఆశ్రయించితిని. పేరు అప్రస్తుతము, ఏలయన ఇతరుల వద్దను ఇదే సమాధానము వినిన మిత్రులు నాకు కలరు. "సీలు విడిగా రాదండి, పంపు భాగం మొత్తం సెట్టుగా వస్తుంది, దానికి పెట్టే డబ్బుకి ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుంది కదండి" అని ఎంతో మర్యాదగా సెలవిచ్చినారు. ఆ మర్యాదలో వ్యాపారము తప్ప అసత్యము లేదు.

ఇంతకంటె మేలైన పద్ధతి లేదా యన్నచో, అదే మోటారులో, అదే ఇరుసు మీద, సీలుకు రెండంగుళముల అవతలనే ఉన్నది. బేరింగు చూడుడు. చిన్న మోటార్లలో తరచుగా కనబడు 6202 సంఖ్య బేరింగుకు లోపలి వ్యాసము 15 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసము 35, మందము 11. ఎవరు చేసినను, ఏ దేశమున చేసినను ఇంతే. అంచున చెక్కిన నాలుగంకెలు చదివి చెప్పినచో తుని దుకాణదారు మారు మాటాడక అరలో నుండి తీసి యిచ్చును. యూరపు ఖండమున మెకానికల్ సీళ్ళకును ఇట్టి కొలతల ప్రమాణము, ఇ.ఎన్. 12756 అనునది, కలదు. మన ప్రమాణాల సంస్థయు ఇట్టి మోటార్లకు ఐ.ఎస్. 9079, ఐ.ఎస్. 8472 అను ప్రమాణములను ఏర్పరచియున్నది. నీరు ఎంత ఎత్తునకు ఎక్కవలెనో అవి చెప్పును. ఎక్కుట మానిన నాడు గృహస్థు ఏ భాగమును ఏ పేరుతో అడుగవలెనో ఆ మోటారు రేకే చెప్పవలెనని నా వాదము.

ఇది బీదదేశపు బాధ మాత్రమే యని భ్రమించువారికి ఒక ముచ్చట. అమెరికాలో డల్లాసు నగరమున ఉద్యోగము చేయుచున్న మా అన్నగారి కుమారుడు మొన్న ఫోను చేసి, "బాబాయ్, మా పెరట్లో వేడినీళ్ళ తొట్టి పంపు కారుతోంది. మెకానిక్కు వచ్చి, సీలు మార్చేదేం లేదు, పంపే మార్చుకోమంటున్నాడు. నువ్వైతే ఏం చేస్తావు?" అని అడిగెను. సెల్‌ఫోనులో చూపించమంటిని: మా ఇంటి మోటారుకు దూరపు చుట్టమే. అదే ఇరుసు, అదే నడిమి గోడ, అవే రెండు బిళ్ళలు. నీరు వేడిదగుటయు, క్లోరిను మందు కలియుటయు రబ్బరును త్వరగా పాడుచేయునను భేదము తప్ప అక్కడి రోగమును మన రోగమే. నిజమునకు ఆ తొట్టి వంశమూలము నూతి మోటారే. ఇటలీ నుండి కాలిఫోర్నియాకు వలసపోయిన జకూజీ సోదరులు 1915 ప్రాంతమున విమానముల పంకాలు చేసి, ఆకాశమున అచ్చిరాక నేలకు దిగి, 1926లో లోతునూతుల నుండి నీరు తోడు జెట్ పంపును వెలయించి రైతులకు అమ్ముకొనిరి. మన వీధులలో రెండు పైపులు బోరులోనికి దించి జెట్ మోటారని పిలుచుకొనునది ఆ జాతిదే. వారిలో కాండిడో యనునతడు కీళ్ళవాతముతో బాధపడు తన చిన్న కుమారునికి ఇంటివద్దనే నీటి మర్దనము జరుగుటకై స్నానపుతొట్టిలో ముంచి పెట్టుకొను పంపును చేయగా, అది 1956లో అంగడికి వచ్చెను. ఆ వంశపు మూడవ తరమువాడొకడు 1968లో దానిని తొట్టితో కలిపి విలాసవస్తువు కావించెను. రైతు కొరకు పుట్టి, రోగికి ఉపకరించి, శ్రీమంతుల పెరడు చేరిన ఆ యంత్రము మార్గమధ్యమున ఎక్కడనో విప్పి కట్టుకొను గుణమును మాత్రము పోగొట్టుకొన్నది. మా అబ్బాయి చివరకు పంపులో నీరు తాకు భాగము మాత్రమే విడిగా తెప్పించుకొని తానే బిగించుకొన్నాడు. పూర్తి పంపు వెల మిగిలినది. సీలొక్కటే దొరకియున్నచో ఇంకను మిగిలియుండును.

తమ శాఖ ఈ విషయమున నిద్రించుచున్నదని నేననను. మరమ్మతు హక్కునకై 2022 జులైలో తమ శాఖయే సంఘమొకటి నియమించినది. వ్యవసాయ పరికరములు, మొబైలు ఫోనులు, గృహోపకరణములు, వాహనములు అను నాలుగు రంగములను ముందు ఏరినది. వ్యవసాయ పరికరములలో నీటిపంపు మోటారును పేరుపెట్టి చేర్చినది. ఆ సంవత్సరమే డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినమున, మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించినది. ఆ వార్త పత్రికలో చదివిననాడు మా మోటారు పేరు ఢిల్లీ కాగితము మీదికి ఎక్కినదని ఎంత సంతసించితినో చెప్పలేను. అటుపిమ్మట 2024లో మరమ్మతు సౌలభ్యమునకు మార్కులు వేయు సూచికను రూపొందించుటకు మరొక సంఘము. 2025 మేలో దాని నివేదిక. చూడగా మొదటి విడత స్మార్ట్‌ఫోనులకును టాబ్లెట్లకును దక్కినది. ఫోను చెడినచో మనిషి ఒకరోజు మాటలాడడు, అది ఒక్కొక్కప్పుడు ఇంటిల్లిపాదికి హాయియే. మోటారు చెడినచో అన్నము ఉడుకదు. వరుస తారుమారైనదని నా నమ్మకము.

పరదేశపు నమూనాలు కావలెనన్నచో, 2021 జనవరి నుండి ఇట్టి సూచికను అమలుపరచిన ఫ్రాన్సు దేశమువారు 2022 నవంబరులో దానిని అంట్లుతోము యంత్రములకును, పీడనముతో నీరు చిమ్మి కడుగు పంపులకును విస్తరించిరి. మన దేశపు నమూనాయే కావలెనన్నచో అంతకంటె గొప్పది వీధి వీధిన నిలిచియున్నది. 1970ల చివర రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపు గట్టిదే గాని, అడుగున తోలు వాషరు అరిగినచో లోపలి గొట్టముల నన్నిటిని పైకి లాగవలెను. అందుకు వాహనము, మనుష్యులు, ముక్కాలి నిచ్చెన కావలసి, ఎండకాలమంతయు ఊరు ఎదురుచూచెడిది. ఆ బాధ కనిపెట్టి 1980లలో మార్క్-3ను చేసిరి: గొట్టమును వెడల్పు చేసి, గొట్టములు కదలకుండగనే పిస్టను పైకి వచ్చునట్లు ఏర్పరచుటచే, ఊరిలోని మెకానిక్కు కొద్దిపాటి పానాలతో పూటలో వాషరు మార్చగలిగెను. చెడిన నాటి సంగతిని చేసిన నాడే తలచిన ఇంజనీర్లు మన దేశముననే ఉండిరి. ఆ తలపు చేతిపంపు నుండి కరెంటు మోటారుకు ఏల దిగిరాలేదో నాకు బోధపడదు.

తయారీదారులు ఏమందురో ఊహింపగలను. విద్యుత్తుతో ముడిపడిన వస్తువు, తెలియనివారు విప్పినచో ప్రాణాపాయము, అందుచేత మా మనుష్యులే విప్పవలెనందురు. అందులో సత్యము లేకపోలేదు. తడినేల మీద ఇనుప మోటారు, ఎర్తు లేని వైరింగు కలిసినచో ఎంత ఘోరము జరుగునో ఈ జిల్లాలో ఎరుగనివారు లేరు. వైండింగు జోలికి గృహస్థు పోరాదనుటను నేను మొదట సమర్థింతును. కాని సీలు విడిగా అమ్మనంత మాత్రన జనము విప్పుట మానలేదు. సరిపోని సీలును సైకిలు ట్యూబు ముక్కతో బిగించి, సందులను ముద్దలతో మూసి, నీటిని తీగచుట్లలోనికి తామే తోలుకొనుచున్నారు. అపాయము అక్కడ ఉన్నది. విడిభాగములను బహిరంగ విపణిలో దొరకనీయకుండుట విషయమై కార్ల సంస్థలు పదునాలుగింటికి కాంపిటీషన్ కమిషను 2014 ఆగస్టు 25న ఇచ్చిన తీర్పును, విధించిన 2,544 కోట్ల రూపాయల జరిమానాను తమ శాఖవారు నాకంటె బాగుగ ఎరుగుదురు. అక్కడను భద్రత యను మాటయే ముందుకు వచ్చినది. కారు గలవానికి లభించిన రక్షణ మోటారు గలవానికి లభింపకుండుట న్యాయమనిపించదు.

రేకు మీద స్థలము లేదను సాకు ఒకటి చెప్పుదురేమో. సంస్థ ముద్రయు, దాని చుట్టునున్న తీగెల అలంకారమును ఒక అంగుళము తగ్గించినచో స్థలము వచ్చును.

తమరు ఈ మనవిని విచారణకు పెట్టదలచినచో, అభిప్రాయ సేకరణను ఢిల్లీలోని సమావేశ మందిరములకు పరిమితము చేయక, మోటార్లు పుట్టు కోయంబత్తూరు, రాజ్‌కోట్‌లకును, మోటార్లు చచ్చు మావంటి ఊళ్ళకును సంఘమును పంపించి, రోజుకు పది మోటార్లు విప్పు మెకానిక్కులను కూర్చుండబెట్టి వినవలెను. వారి వద్ద ఏ మోటారుకు ఏ సీలో నోటిలెక్కగా ఉన్నది, వ్రాసికొన్నచో సగము పట్టిక అక్కడనే తయారగును. తునికి వచ్చునెడల మాత్రము మే నెలలో రావలదని ప్రత్యేక మనవి. అప్పుడు మామిడి కోతలు, నూతులలో నీరు అడుగంటు రోజులు. వట్టిగా తిరిగి సీళ్ళు కాలిన మోటార్లు దుకాణము ముందు వరుసకట్టి యుండును, తమ ప్రశ్నలకు జవాబు చెప్పుటకు మా మెకానిక్కులలో ఒక్కరును ఖాళీగా దొరకరు. కార్తీకములో రండు.

ఇట్లు,
తమ విధేయుడు,
తుని పట్టణవాసి యొకడు